పవర్ బీఐ తేదీ ఫంక్షన్ల రివ్యూ: పొగాకు వేలం లెక్కల్లో ఏది వాడాలి?

అందరికీ నమస్కారమండీ. స్క్రీన్ మీద, మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో కనిపిస్తున్నది కొండపి, టంగుటూరు, కలిగిరి వేలం కేంద్రాల పేర్లతో తయారుచేసిన నమూనా టేబుల్. వేలం తేదీ, బేలు నంబరు, కిలోలు, ధర ఉన్నాయి. అంకెలు నమూనా కోసం వేసినవే.

ముందు తేదీకి రోజులు, నెలలు కలిపే డేట్‌యాడ్ (DATEADD) ఫంక్షన్ సంగతి చూద్దాం. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో, పవర్ బీఐ ఫార్ములాల భాష డాక్స్‌లో (DAX) పేరు ఒకటే, పని వేరు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29 వస్తుంది. ఒకే తేదీ. డాక్స్‌లో వచ్చేది తేదీల టేబుల్, అదీ ఆ కాలమ్‌లో ఉన్న తేదీలు మాత్రమే. ఇదిగో, బిల్లు గడువు కోసం వేలం తేదీ కాలమ్ మీద 15 రోజులు డేట్‌యాడ్ చేశాను. ఈ వరసలో ఖాళీ వచ్చింది చూడండి. 15వ రోజు ఆదివారం, వేలం లేదు, ఆ తేదీ కాలమ్‌లోనే లేదు. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. గడువుకు నేరుగా తేదీ ప్లస్ 15 రాయండి. నెలలు కలపాలంటే ఈడేట్ (EDATE) ఫంక్షన్ వాడండి.

ఏడాది మొదటి నుంచి ఆ రోజు వరకు మొత్తానికి టోటల్‌వైటీడీ (TOTALYTD). ఏమీ చెప్పకపోతే డిసెంబరు 31నే ఏడాది చివరగా తీసుకుంటుంది. ఆడిటర్‌కిచ్చే రిపోర్టుకు ఏడాది చివర "3/31" అని కొటేషన్లలో ఇవ్వాలి. కానీ మన వేలాలు మార్చి దాటి సాగుతాయి కదా! అదే సెట్టింగ్ సీజన్ రిపోర్టులో పెడితే ఏప్రిల్ 1న మొత్తం సున్నా నుంచి మొదలవుతుంది. సీజన్ రిపోర్టుకు డిసెంబరే ఉంచండి. పోయిన ఏడాదితో పోల్చడానికి సేమ్‌పీరియడ్‌లాస్ట్‌ఇయర్ బాగానే ఉంటుంది గానీ, వేలం మొదలైన తేదీ మారితే ఆ పోలిక న్యాయం కాదు. వేలం ఎన్నో రోజు అనే కాలమ్ పెట్టి దాంతో పోల్చడమే నా సలహా.

అన్ని తేదీలూ వరసగా ఉండే క్యాలెండర్ టేబుల్‌తో లింకు పెట్టినా చార్టులో 'ఖాళీ' అని వస్తోందా? తేదీతోపాటు 10:42 లాంటి టైమ్ ఉండిపోయింది. ఫార్మాట్ మారిస్తే టైమ్ కనపడదంతే, లోపలే ఉంటుంది. డేటాను సరిచేసే పవర్ క్వెరీలో టైప్‌నే డేట్‌గా మార్చాలి. 03/04/2025 మార్చి 4గా పడుతుంటే ఏ దేశపు తేదీ పద్ధతో చెప్పే 'యూజింగ్ లోకేల్'లో ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోండి.

చివరగా ఇవాళ్టి తేదీ ఇచ్చే టుడే ఫంక్షన్. పవర్ బీఐ సర్వీస్‌లో, అంటే ఆన్‌లైన్‌లో, అది యూటీసీ (మన టైమ్‌కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) తేదీ ఇస్తుంది. అందుకే తెల్లవారి 5:30 లోపు రిపోర్టు తెరిస్తే నిన్నటి తేదీ కనిపిస్తుంది. పవర్ క్వెరీలో డేట్‌టైమ్‌జోన్.యూటీసీనౌ తీసుకుని, స్విచ్‌జోన్‌లో 5, 30 ఇచ్చి, రిమూవ్‌జోన్ చేసి, ఆ తర్వాతే డేట్.ఫ్రమ్ రాయండి. రిమూవ్‌జోన్ వదిలేస్తే డేట్.ఫ్రమ్ దాన్ని మళ్లీ సర్వర్ లోకల్ టైమ్‌కే మార్చేస్తుంది.