దీపాలదిన్నె పాఠం
(జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా గుంటూరులో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మిత్రులకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి.

అణు వ్యర్థాల చరిత్ర చెప్పమన్నారు. అది వాయిదాల చరిత్ర. అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో 1944 నుంచి బాంబుల కోసం ప్లుటోనియం తీశారు. మిగిలిన విషద్రవాన్ని భూమిలో పాతిన 177 ట్యాంకుల్లో పోసి, సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. చాలా ట్యాంకులు కారాయి. శుద్ధి ఇంకా సాగుతూనే ఉంది. సోవియట్ యూనియన్‌లోని మయాక్ అణు కర్మాగారంలో ఇలాంటి వ్యర్థాన్ని మొదట టెచా నదిలోకే వదిలారు. 1957 సెప్టెంబర్ 29న చల్లబరిచే ఏర్పాటు చెడి అక్కడ ఒక ట్యాంకు పేలింది. ఆ మాట ప్రభుత్వం ఒప్పుకోవడానికి ముప్పై ఏళ్లు దాటింది! వ్యర్థాల పీపాలను సముద్రంలో పడేయడం 1946లో మొదలైతే, పూర్తి నిషేధానికి 1993 దాకా ఆగారు.

మన దేశంలో వాడిన ఇంధనం నుంచి పనికొచ్చేది తీసుకుని, మిగిలిన ఘాటైన వ్యర్థాన్ని గాజులో కలిపి మహారాష్ట్రలోని తారాపూర్ లాంటి అణు కేంద్రాల్లో దాస్తున్నారు. మంచి పనే. కానీ ఆ గాజును శాశ్వతంగా పాతే చోటేదో ఇంకా తేలలేదు.

ఇక్కడ నేను అమరావతి గురించి చెప్పి తీరాలి. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

అమెరికాలోని న్యూ మెక్సికోలో భూమి లోతున ఉప్పు పొరల్లో అణు వ్యర్థాలు పాతే చోట, పదివేల ఏళ్ల తర్వాతి మనుషులకు ‘తవ్వవద్దు’ అని ఎలా చెప్పాలని పండితులను కూర్చోబెట్టారు. భయపెట్టే ముళ్ల స్తంభాలు, బొమ్మలు, పలు భాషల్లో శాసనాలు అన్నారు. మరి అమరావతిలోని మన బౌద్ధ స్తూపం? రెండువేల ఏళ్లకే అదేమిటో చుట్టుపక్కల ఎవరికీ తెలియకుండా పోయింది. దీపాలదిన్నె అన్నారు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కడుతుంటే రాళ్ల కోసం ఆ దిన్నెను తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. చెక్కిన ఫలకాలు కొన్ని చెరువు మెట్లయ్యాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. సున్నం, అయ్యా! వాటి మీది బ్రాహ్మీ లిపి చదవగలిగినవాడు అప్పటికి ఒక్కడూ లేడు. వాళ్లను తిట్టి లాభం లేదు. మంచి రాయి, లోపల నిధి ఉందేమోనన్న ఆశ, తవ్వడానికి ఇంకేం కావాలి? ముళ్ల స్తంభాలు చూసినవాడికీ కింద నిధి ఉందనే తోస్తుంది. ప్లుటోనియం సగం తరగడానికే 24,000 ఏళ్లు పడుతుంది మరి.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం ప్రతిపాదన ఉంది. కరెంటుకు నేను వ్యతిరేకిని కాను. పరిహారం, ఉద్యోగాలు అడగాల్సిందే. దానితోపాటు వాడిన ఇంధనం ఎక్కడ, ఎన్నేళ్లు, ఎవరి ఖర్చుతో ఉంటుందో కూడా అడగండి. జవాబు సంతకంతో, కాగితం మీద రావాలి. అలాంటి లేఖ రాయాలనుకునే విద్యార్థులు సభ కాగానే నా దగ్గరికి రండి, కూర్చుని ఇక్కడే రాద్దాం.