ముప్ఫై బస్తాల్లో మిగిలేదెంత?

శ్రోతలకు నమస్కారం. పల్లెలో పేదరికం అనగానే పని దొరక్కపోవడమో, తాగుడో కారణమంటాం. ఏడాదంతా చేలోనే ఉండి, పంట బాగా పండించి కూడా అప్పు తీరని ఇళ్లు కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఊరూరా ఉన్నాయి. అవి కౌలు రైతుల ఇళ్లు.

ఒక్క ఎకరం లెక్క చూద్దాం. సార్వాలో, అంటే వానాకాలం వరి పంటలో, 75 కిలోల బస్తాలు 30 పండాయనుకోండి. కౌలుకి 15 పోతే చేతికి 15. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే బస్తాకు 1,725. మొత్తం 25,875. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కలిపి 22,000 అయితే మిగిలేది 3,875. అదీ అన్నీ కలిసొస్తేనే.

ఆ పెట్టుబడి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, అయిదు నెలలకు వడ్డీయే 3,300. అదే బ్యాంకు పంట రుణమైతే, గడువులోగా కడితే ఏడాదికి 4 శాతం వడ్డీ. అయిదు నెలలకు నాలుగు వందలు కూడా కాదు.

ఇక అమ్మకం. మద్దతు ధర రావాలంటే తేమ 17 శాతం దాటకూడదు. మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. ఆరబెట్టడానికి కల్లం, పరదాలు, నాలుగు రోజుల ఎండ కావాలి. పైన మబ్బు, వెనక ఎరువుల కొట్టు బాకీ. దాంతో చేలోనే కాటా పెట్టించి వచ్చిన ధరకు అమ్మేస్తారు. బస్తాకు 200 తగ్గినా 3,000 పోయినట్టే. వడ్డీ 3,300 కూడా కలిపితే, ఆ మిగులంతా పోగా రెండున్నర వేల దాకా చేతి నుంచే ఎదురు పెట్టుకోవాలి. ఇంటిల్లిపాదీ పడ్డ కష్టానికి కూలి ఈ లెక్కలో వేయనే లేదు.

మరి బ్యాంకు అప్పు ఎందుకు రాదు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తుంది, కాని యజమాని సంతకం చేయాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని వాళ్ల భయం. యాజమాన్య హక్కుకు ఢోకా లేదని ఆ చట్టమే చెబుతోంది. ఆ మాట ఊళ్లో చెప్పేవాళ్లే తక్కువ. కార్డు లేక పంట నమోదు యజమాని పేరున జరిగితే, నష్టపరిహారం కూడా ఆయన ఖాతాకే చేరుతుంది.

ఇంకో దారి ఉంది. కౌలు రైతులు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడి బ్యాంకును అడగవచ్చు. ఏ దారైనా దుక్కికి ముందే పట్టాలి. నాట్లయ్యాక కార్డు తెచ్చుకుంటే పంట నమోదుకు పనికొస్తుంది. పెట్టుబడి మాత్రం అప్పటికే మూడు రూపాయల వడ్డీకి తెచ్చేసి ఉంటారు.