నాలుగు వేల మైకుతో నల్గొండ, పాలమూరు తిరిగొచ్చాక: రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ పది సెకన్లు వినండి.

విన్నారా? ఆ 'బుర్ర్' అనేది గాలి. దాని వెనకాల ఒక అబ్బాయి తనకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు ఎలా వచ్చిందో చెబుతున్నాడు. మర్రిగూడ దగ్గర గుట్ట మీద, పొద్దుగూకే వేళ, బొమ్మ బంగారంలా వచ్చింది. మాట ఒక్క ముక్క రాలేదు. మైకుకు తొడగాల్సిన బొచ్చు టోపీ నా బ్యాగులోనే ఉంది. తప్పు మైకుది కాదు, నాది.

ఈరోజు రివ్యూ ఆ మైకుదే. చొక్కాకు పెట్టే క్లిప్పులు రెండు, ఫోన్‌కు గుచ్చే చిన్న రిసీవర్ ఒకటి, మొత్తం నాలుగు వేలు. కంపెనీ పేరు చెప్పను. ఈ రేటులో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి, పైగా పేరు చెప్తే పెయిడ్ వీడియో అంటారు. కష్టాల్లో చదువుకుంటున్న పిల్లల కథలు తీద్దామని దసరా సెలవుల్లో తొమ్మిది రోజులు దీనితో తిరిగాను. సెలవుల్లోనే ఎందుకంటే అప్పుడే హాస్టల్ పిల్లలు ఇళ్ల దగ్గర దొరుకుతారు. దారిలో సర్వేల్ గురుకులం గేటు ముందు బండి ఆపాను. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకులం 1971లో ఇక్కడే మొదలైంది. సెలవులు కదా, తాళం వేసి ఉంది.

మర్రిగూడ అబ్బాయి సంగతికొస్తే, పదిలో జీపీఏ 9.7. పదిలో జీపీఏలు ఇచ్చే రోజుల్లో, బాసర సీటుకు హాస్టల్ లేని ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 డిప్రివేషన్ స్కోరు, అంటే వెనకబాటు కింద అదనపు పాయింట్లు, కలిపేవారు. మనవాడిది జిల్లా పరిషత్ బడి కాబట్టి అది కలిసి 10.1 అయింది. "పదికి పది దాటి ఎట్లొస్తదిరా, అబద్ధం ఆడుతున్నవా అని మా మామ నన్నే తిట్టిండన్నా" అని పడీ పడీ నవ్వాడు. మర్నాడు పొద్దున టోపీ తొడిగి మళ్లీ చెప్పించాను. మాట శుభ్రంగా వచ్చింది. ఆ నవ్వు రాలేదు.

ఇంకోటి కూడా అక్కడే జరిగింది. ఆ అబ్బాయి తాతకు ఫ్లోరోసిస్, అదే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు, నడుము నిటారుగా నిలవదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి బయటి దేశాల్లో కూడా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. ఈ జిల్లా బాధ ఎంత పాతదో ఆ పేరే చెబుతుంది. నేను కెమెరా అటు తిప్పగానే పిల్లాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "తాత కాళ్లు తీయకన్నా. వచ్చినోళ్లంతా అవే తీస్కపోతరు." నిజం చెప్పాలంటే, ఆ షాట్ కింద పెట్టడానికి ఏడుపు మ్యూజిక్ కూడా అప్పటికే ఎంచుకుని ఉన్నాను. తాతకు మైకు పెట్టి, కెమెరా పక్కన పెట్టేశాను. ఆయన అరగంట సేపు మనవడి లెక్కల గురించే మాట్లాడాడు.

ఇక మైకు ఎలా ఉంది? ఎదురుగా కూర్చుంటే ఢోకా లేదు. మనిషి వెనక్కి తిరిగితే పది పదిహేను అడుగులకే మాట తెగుతుంది. క్లిప్పు నుంచి రిసీవర్‌కు మాట మోసే ఈ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మనిషి ఒళ్లే ఆపేస్తుంది. మహబూబ్‌నగర్ బస్టాండులో అయితే ఎదురుగా ఉన్నా తెగింది. ఛార్జింగ్ డబ్బా మీద ఆరు గంటలని రాశారు, నాకు వచ్చింది నాలుగున్నర. నాయిస్ క్యాన్సిలేషన్ మాత్రం దయచేసి ఆన్ చేయకండి. మనిషి కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వస్తుంది, ఇంట్లో చప్పుళ్లన్నీ పోతాయి.

ఆ చప్పుళ్లు ఎందుకు కావాలో నారాయణపేట వైపు ఒక ఊళ్లో, ఒక ఇంట్లో తెలిసింది. ఆ ఇంట్లో అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట పుణె పోయారు, బిల్డింగ్ పనికి. ఇంటర్ చదివే అమ్మాయి, వాళ్ల అవ్వ ఉంటారు. అమ్మాయి ఇంటర్వ్యూ అయిపోయింది, మైకు తీయడం మరిచిపోయి లోపలికి వెళ్లింది. నా చెవిలో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. అవ్వ జొన్న రొట్టె కొడుతోంది, టప టప టప. ఆ చప్పుడు మధ్యలో అమ్మాయి గొంతు: "అవ్వా, అమ్మ పంపిన పైసల్ల నా ఫీజుకెంత, నీ మందులకెంత?"

అవ్వ జవాబు మీకు చెప్పను. నేను కూడా వినకూడదు. కానీ వెంటనే హెడ్‌ఫోన్స్ తీయలేదు, ఒప్పుకుంటున్నాను. తొమ్మిది రోజుల్లో అంత గొప్ప ఆడియో ఇంకోటి రాలేదు. బయటికొచ్చాక అమ్మాయికి వినిపించి, వాడుకోవచ్చా అని అడిగాను. "అది ఒద్దన్నా" అంది. తన ముందే డిలీట్ చేశాను. అందుకే ఈ మైకు మీద నా అసలు కంప్లైంట్ ఇది: మ్యూట్ బటన్ మెంతి గింజంత ఉంది, ఆన్‌లో ఉన్నట్టు చూపే లైటు పగటి వెలుగులో కనబడదు. పెట్టుకున్న మనిషికి తన మాట ఇంకా రికార్డవుతోందని తెలిసే దారే లేదు. కొంటే, ఇంటర్వ్యూ అయిన మరుక్షణం మీరే లేచి వెళ్లి క్లిప్పు తీయండి.

రొట్టె చప్పుడు మాత్రం పెట్టుకోమంది, అదీ అవ్వను అడిగాకే. మళ్లీ ఒక రొట్టె కొట్టించి రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్ అవ్వ చెవులకు పెట్టాం. పిండి చేతులు గాల్లోనే ఉంచి విన్నది. విని, మనవరాలి వైపు తిరిగి, "గింత సప్పుడు జేస్తనానే నేను? మరి నువ్వెట్ల సదువుతున్నవే!" అంది.