కబిని సఫారీ రివ్యూ: పులి చెవులు, మా అత్తమ్మ ముక్కు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈసారి థంబ్‌నెయిల్‌లో నోరు తెరిచిన పులి బొమ్మ లేదు, గమనించారా? మాకు దొరికింది రెండు చెవులే మరి. ఆ క్లిప్ చివర్లో వేస్తా. ముందు ఆ చెవులు చూపించిన గైడన్న గురించి చెప్పాలి.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మదనపల్లె నుంచి మా అత్తమ్మ వచ్చి, పులిని చూడాలన్నారు. బన్నేరుఘట్ట అయితే ఊళ్ళోనే పనైపోయేది. పులి, సింహం ఎటూ ఉన్నాయి, 2024 నుంచి చిరుత సఫారీ కూడా పెట్టారు. చిన్నపిల్లలున్న వాళ్ళకి నేను ఇప్పటికీ అదే చెప్తా. అత్తమ్మ మాత్రం, "కంచెలో ఉండేదాన్ని చూసేదానికి ఇంతదూరం రావాల్నా? మా ఊళ్ళో ఆవులు లేవా?" అన్నారు. ఇంకేం, పొద్దున ఐదున్నరకే కారు తీసి మైసూరు, హెచ్.డి.కోటె మీదుగా కబిని.

కబిని అంటే నాగర్‌హోళె టైగర్ రిజర్వ్ అంచు. 2022 లెక్కల్లో కర్ణాటకలో 563 పులులు, మధ్యప్రదేశ్ తర్వాత మనదే. నాగర్‌హోళె, పక్కనున్న బందీపూర్ కలిస్తే వాటిలో పెద్ద వాటా. ఇన్నుంటే రోడ్డుమీదే తగుల్తాయిలే అనుకున్నా. గైడన్న నవ్వాడు. ఆయనది కోలారు, ఇంట్లో తెలుగే. అత్తమ్మ "నాయనా" అన్న పిలుపుకే మా బండి ఆయన సొంతమైపోయింది.

"నేను పులిని వెతకనమ్మా. జింక యాడ చూస్తా ఉండాదో అది చూస్తా" అన్నాడు. నిజంగా అంతే. కళ్ళు అడవిమీద, చెవులు ఇంకెక్కడో. చుక్కల జింక కూస్తే పెద్దగా పట్టించుకోడు, అది పిరికిది, ఆకు కదిలినా కూస్తుందట. కొండముచ్చు కూస్తే తలెత్తుతాడు, అది చెట్టుమీంచి కంటితో చూసి చెప్తుంది కాబట్టి. ఇక కణుజు, అదే సాంబార్ జింక, ఒక్కసారి "ఢాంక్" అందంటే డ్రైవర్ భుజం తడతాడు. పులో చిరుతో దగ్గర్లో ఉందని హెచ్చరించే ఇలాంటి కూతని వీళ్ళ భాషలో "కాల్" అంటారు. "కాల్ వచ్చింది" అంటే బండిలో అందరి ఫోన్లూ దిగిపోతాయి.

మొదటి సాయంత్రం దుమ్ములో ఒక అడుగు చూపించాడు. నా అరచెయ్యి కంటే పెద్దది, గోళ్ళ గుర్తు లేదు. నాకు అడుగే కనబడింది. ఆయన దాని కింద ఉన్న టైరు గీత చూశాడు. "ఈ గీత పొద్దున జీపుది. అడుగు గీత మీద పడింది. అంటే పొద్దున బండ్లు పోయినాక నడిచింది." అంతసేపూ నేను కెమెరా ఫోకస్‌తో కుస్తీ పడుతున్నా, సిగ్గేసింది.

ఇంకో వంద గజాలు పోయాక అత్తమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవురో అన్నం వండతా ఉండారు నాయనా, బాస్మతి మాదిరి" అన్నారు. గైడన్న బండి ఆపించేశాడు! పులి తన హద్దు చెప్పడానికి చెట్టుమీద చిమ్మే మూత్రంలో బాస్మతికి ఆ వాసన ఇచ్చే పదార్థమే ఉంటుంది, 2-ఎసిటైల్-1-పైరోలిన్. ఆ పేరు నేను ఇంటికొచ్చి నాలుగుసార్లు చదివి నేర్చుకున్నా. ముప్పైయేళ్ళు వంటింట్లో ఉన్న మనిషికి పేరుతో పనేముంది? "అమ్మా, నాకు అసిస్టెంటుగా వచ్చేయండి" అన్నాడాయన.

ఆ రోజు పులి రాలేదు. ఆయన కబుర్లు మాత్రం వచ్చాయి. ఓసారి నాలుగు బండ్లు చెట్టుమీద చిరుతను చూస్తూ ఒకటే గోలట. ఈయన తల వెనక్కి తిప్పితే, రోడ్డుకి ఇవతల వెదురు నీడలో పులి పడుకుని వీళ్ళనే చూస్తోంది. ఇంకో ఆయన నల్ల చిరుత కోసమే మూడు రోజులు తిరిగి, పులి కనబడితే మొహం మాడ్చుకున్నాడట! నల్ల చిరుత వేరే జాతి కాదండీ, చిరుతే. ఒంటిలో నలుపు ఎక్కువ. ఎండ సరిగ్గా పడితే మచ్చలు కూడా తెలుస్తాయి.

రెండోరోజు పొద్దున కణుజు రెండుసార్లు కూసింది. బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, పదిహేను నిమిషాలు. లంటానా పొద, అంతే. వెనక సీటు వాళ్ళు చిప్స్ ప్యాకెట్ విప్పారు, ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు మండింది. గైడన్న వేలు కూడా చూపకుండా, "పొదలో రెండు తెల్ల చుక్కలు చూడండి" అన్నాడు. పులి చెవుల వెనక నలుపు, మధ్యలో తెల్ల చుక్క ఉంటుంది. అంటే అది మాకు వీపు పెట్టి కూర్చుంది. ఒక చుక్క కదిలింది. ఇంకోటి కదిలింది. తర్వాత ఆకులే.

ఇక మార్కులు. బండికి పదికి ఐదు. క్యాంటర్‌లో, అంటే సఫారీ మినీబస్సులో, నడిమి సీటు వస్తే పక్కవాళ్ళ తలలే చూస్తారు, జీపు దొరికితే వదలకండి. కాలానికి తొమ్మిది. ఎండాకాలంలో కబిని డ్యామ్ బ్యాక్‌వాటర్ తగ్గి గడ్డి మొలుస్తుంది, ఏనుగులు మందలుగా దిగుతాయి, అదొక్కటే చాలు వెళ్ళడానికి. ఒక మాట, మేం వెళ్ళింది 2025 వేసవిలో. ఆ నవంబరులో పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక నాగర్‌హోళె, బందీపూర్ సఫారీలు ఆపేశారు. కాబట్టి రూమ్ బుక్ చేసేముందు సఫారీ నడుస్తోందో లేదో అటవీ శాఖ దగ్గర కనుక్కోండి. గైడన్నకి పదికి పది, అందులో ఒకటి మా అత్తమ్మ వాటా అని ఆవిడ పట్టుబడుతున్నారు.

సరే, క్లిప్ వేస్తున్నా. నాలుగే సెకన్లు. పొదకి కుడివైపు, కింద. రెప్ప వేయకండి.