పిల్లల తలస్నానం: రుద్దాల్సింది మాడును, జుట్టును కాదు

దృశ్యం: స్నానాల గది. చిన్న పీట, బకెట్, చెంబు, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన.

వాయిస్: పదేళ్ళలోపు పిల్లల మాడులో జిడ్డు పెద్దవాళ్ళకంటే చాలా తక్కువగా ఊరుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు తలకు పోస్తే చాలు. ఆడుకొని చెమట పట్టిన రోజు ఉత్త నీళ్ళతో కడిగేయండి.

నీళ్ళు పోయకముందే చిక్కు తీయండి. తడి వెంట్రుక సాగుతుంది, లాగితే తెగుతుంది. చిక్కుకు పైన జుట్టును పిడికిట్లో పట్టుకొని, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రండి. అప్పుడు ఆ లాగుడు మాడుకు తగలదు, బిడ్డ ఏడవదు. ఉంగరాల జుట్టయితే మాత్రం కండిషనర్ రాశాకే దువ్వండి.

దృశ్యం: కుళాయి మూతి దగ్గరగా. తెల్లటి పొర.

వాయిస్: తిరుపతి, చిత్తూరు వైపు బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఈ పొర కనిపిస్తే అవి ఉప్పునీళ్ళే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల నురగ సరిగా రాదు. రాలేదని ఇంకాస్త షాంపూ వేస్తాం. జుట్టు పీచులా అయ్యేది అక్కడే. సబ్బు బిళ్ళయితే మరీ అన్యాయం, ఈ నీళ్ళతో కలిసి జిగురుగా జుట్టుకు అంటుకుపోతుంది.

భుజాల దాకా జుట్టుంటే ఒక టీస్పూను షాంపూ, పొట్టి జుట్టుకు అర టీస్పూను. అరచెంబు నీళ్ళలో కలిపి మాడు మీద పోసి, గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో రుద్దండి. జుట్టంతా నడినెత్తిన ముద్దచేసి పిసకొద్దు. కిందికి జారే నురగతోనే కొసలు శుభ్రమవుతాయి. ఆఖరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్ళో, వాన నీళ్ళో పోయగలిగితే తేడా చేతికే తెలుస్తుంది.

కుంకుడుకాయ వాడతారా? నాలుగు కాయల గింజలు తీసి, గంటసేపు వేడినీళ్ళలో నానబెట్టి పిసకండి. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి, లేకుంటే పిప్పి జుట్టులో ఇరుక్కుంటుంది. కుంకుడు రసం కంటికి మంచిది కాదు, విపరీతంగా మండుతుంది. బిడ్డ తల వెనక్కి వాల్చి, నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి పోయండి. కంట్లో పడితే రుద్దుకోనివ్వకుండా పదిహేను నిమిషాలు మంచినీళ్ళు పోస్తూ కడగండి. ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాల్సిందే. ఏడాదిలోపు పసివాళ్ళకు కుంకుడు వద్దే వద్దు.

దృశ్యం: అరచేతిలో రూపాయి బిళ్ళంత కండిషనర్.

వాయిస్: ఇది చెవుల కింది నుంచి కొసలదాకే. అరిగిపోయిన కొసల్లో రుణావేశం, అంటే నెగటివ్ చార్జి ఎక్కువ, కండిషనర్‌లో ధనావేశం, అంటే పాజిటివ్ చార్జి ఉన్న పదార్థాలు అక్కడే పట్టుకొని వెంట్రుకను నున్నగా చేస్తాయి. మాడుకు రాస్తే జిడ్డు తప్ప లాభం లేదు. రెండు నిమిషాలుంచి కడిగేయండి. తువ్వాలుతో రుద్దకుండా, పాత కాటన్ గుడ్డతో అద్దండి.

ఇక తిరుమలలో పుట్టెంట్రుకలు తీయించిన పిల్లల సంగతి. గుండు మీద గంధం ఎండి బిగుసుకుంటుంది. గీకొద్దు, తడిగుడ్డ కాసేపు వేసి నానాక తుడవండి. కత్తి గాట్లు మానేదాకా షాంపూ, కుంకుడు రెండూ ఆపండి. గోరువెచ్చని నీళ్ళు చాలు. ఎండలోకి తీసుకెళ్తే మెత్తటి నూలు టోపీ పెట్టండి.