వే రెబో వెళ్లడం ఎలా? లబువాన్ బాజో నుంచి మబ్బుల్లో ఉన్న ఏడిళ్ల ఊరి దాకా

నమస్తే అండీ అందరికీ. ముందు ఇది చూడండి. నేనేం మాట్లాడను, ఒక్క పది సెకన్లు చూడండి... చూశారా? ఏడు ఇళ్లు. గడ్డివాముల్లా కింద వెడల్పు, పైకి వెళ్లేకొద్దీ సన్నం. మధ్యలో పచ్చిక. వెనకాల తెల్లగా దిగుతున్నది మబ్బు. పొగ మాత్రం ఇదిగో, ఇక్కడ, కప్పులోంచి వస్తోంది చూడండి, ఇది పొగ. ఈ పొగ సంగతి తర్వాత చెప్తా, గుర్తు పెట్టుకోండి.

ఊరి పేరు వే రెబో. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి, ఆ దీవికి పడమటి వైపు మంగ్గరాయి ప్రాంతం. వే అంటే వాళ్ల మంగ్గరాయి భాషలో నీళ్లు. ఊరు సుమారు 1,100 మీటర్ల పైన ఉంటుంది, మన అరకు కన్నా ఎత్తు. అరకులాగే ఇక్కడా కాఫీయే బతుకుతెరువు. కార్లు, బైకులు ఊళ్లోకి రావు. బియ్యం, ఉప్పు, గ్యాస్ బండ, సిమెంటు, ఏది కావాలన్నా కింద నుంచి మనిషి భుజం మీదే రావాలి. మీరూ నడిచే వెళ్లాలి.

సరే, మొదలుపెడదాం. టికెట్లు, వీసా గబగబా చెప్పేస్తా, ఇవి అందరికీ తెలిసినవే. బాలికి వెళ్లండి, అక్కణ్నుంచి ఫ్లోరెస్‌లో ఉన్న లబువాన్ బాజోకి చిన్న ఫ్లైట్. వీసా మనవాళ్లకి అక్కడ దిగాక కూడా ఇస్తారు, 30 రోజులు, 500,000 రూపాయా, అంటే ఇండోనేషియా డబ్బులో. నేనైతే ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటా, లైన్ తప్పుతుంది. ఇదిగో సైట్. అడ్రస్ చివర గో డాట్ ఐడీ అని ఉందా లేదా చూడండి, అచ్చం ఇలాగే కనిపించే వేరే సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఫొటో అప్‌లోడ్, ఇది, ఇది, నెక్స్ట్, పేమెంట్. అయిపోయింది.

ఆ రూపాయాల సున్నాలు చూసి కంగారు పడకండి. చివరి మూడు సున్నాలు కొట్టేయండి, మిగిలినదాన్ని ఐదుతో గుణించండి, పైన ఇంకొంచెం వేసుకోండి. లక్ష రూపాయా అంటే వంద ఇంటూ ఐదు, మన లెక్కలో ఐదు వందలు, ఇంకాస్త. నేను ఏ యాప్ తెరవను, ఈ లెక్కే. కానీ నగదు మాత్రం లబువాన్ బాజోలోనో, దారిలో వచ్చే రూతెంగ్ పట్టణంలోనో తీసేసుకోండి. ఊళ్లో బస, భోజనం, గైడు, అన్నీ చేతికి ఇవ్వాల్సిందే. మనిషికి ఇంత అని ఊరివాళ్లే నిర్ణయించిన రేటు ఉంటుంది, రాత్రి ఉంటే ఒకటి, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతే ఒకటి. బేరం ఆడకండి, దయచేసి.

ఇప్పుడు మ్యాప్. ఫోన్ స్క్రీన్ చూపిస్తున్నా. గూగుల్ మ్యాప్స్‌లో ఇక్కడ ప్రొఫైల్ ఫొటో నొక్కండి, ఆఫ్‌లైన్ మ్యాప్స్, సొంత మ్యాప్ ఎంచుకోండి, ఈ చతురస్రాన్ని ఇలా లాగి లబువాన్ బాజో నుంచి రూతెంగ్ దాకా, కింద దక్షిణ తీరం కూడా పడేలా పెట్టండి. డౌన్‌లోడ్. గమ్యం అన్న చోట వే రెబో అని కొట్టకండి. డెంగే అని కొట్టండి, డీ, ఈ, ఎన్, జీ, ఈ. కొండ కింద ఆఖరి ఊరు అది. నేను దారిలో ఆగేవన్నీ ముందు రోజే ఇలా పిన్నులు పెట్టుకుని, పెట్రోల్‌కి ఒక రంగు, భోజనానికి ఒక రంగు ఇస్తా. ఇంకొకటి, అనువాదం యాప్‌లో ఇండోనేషియన్ భాష కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పైన సిగ్నల్ లేదనే అనుకుని బయల్దేరండి.

భాష అన్నాను కాబట్టి ఒక మాట. మనకి ఇండోనేషియన్ అంత కొత్తగా ఉండదండీ. భాషని బహాసా అంటారు. పేరుని నామా అంటారు. గురువు గురువే. కెపాలా అంటే తల, మన కపాలమే. దేసా అంటే పల్లెటూరు. కెపాలా దేసా అంటే గ్రామపెద్ద అని మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. భర్తని సువామి, భార్యని ఇస్త్రీ అంటారు. ఒక్కటి జాగ్రత్త, ఫ్లోరెస్‌లో పెద్దావిణ్ని మామా అని పిలవాలి. మొదటి రోజు నాకు నోరు రాలేదు, మనకి మామ అంటే మామయ్యే కదా. అలవాటు చేసుకోండి, మామా అంటే వాళ్ల మొహం వెలిగిపోతుంది. పెద్దాయన్ని బాపా అనండి.

రోడ్డు. లబువాన్ బాజో నుంచి రెండు దారులు. ఇదిగో, ఈ నీలం గీత లెంబోర్ మీదుగా కిందికి దిగి దక్షిణ తీరం పట్టుకుని డింతోర్, అక్కణ్నుంచి డెంగే. ఇది దగ్గర దారి. రెండోది రూతెంగ్ మీదుగా. రూతెంగ్‌కే దాదాపు 130 కిలోమీటర్లు, మలుపులు ఎక్కువ, నాలుగు గంటలు పెట్టుకోండి. అయినా నేను రూతెంగ్ దారే చెప్తా, ఎందుకంటే దారిలో చాంచార్ ఉంది. డ్రోన్ షాట్ వేస్తున్నా, చూడండి. సాలెగూడులా ఉంది కదా? ఇవి వరి మడులు. మధ్యలో ఒక గుంజ పాతి, అక్కణ్నుంచి బయటికి గీతలు లాగి, ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క ఇచ్చారు. ముక్క వెడల్పుని చేతి వేళ్లతో కొలిచేవాళ్లు, ఇదిగో ఇలా. నా చిన్నప్పుడు మా తాతగారు గట్టు తగాదాల గురించి చెప్పేవారు, కొడవళ్ల దాకా వెళ్లేదట. ఇక్కడ గట్లన్నీ ఒకే చోట కలుస్తాయి. ఈ కొండ మీద నిలబడి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రూతెంగ్ నుంచి డెంగేకి కారు మాట్లాడుకోవచ్చు, లేదంటే ఓటో కోల్ ఎక్కొచ్చు. ఓటో కోల్ అంటే లారీ, వెనకాల చెక్క బల్లలు వేసి ఉంటాయి. జనం, బస్తాలు, కోళ్లు, అన్నీ కలిసే. టైముంటే అదే ఎక్కండి.

డెంగేలో రాత్రి ఉండండి. పొద్దున్నే నడక. డెంగే నుంచి కొంత దూరం మోటారు సైకిల్ మీద దింపుతారు, వాగు దగ్గర మొదటి పోస్ట్, అక్కణ్నుంచి అడవి. నేను రెండు గంటల పైన తీసుకున్నా. కర్ర ఒకటి చేతిలో ఉండాలి, ట్రెక్కింగ్ పోల్ కొననక్కర్లేదు, కింద వెదురు కర్ర ఇస్తారు, నాకు అదే బాగుంది. జలగలుంటాయి, పొడుగు సాక్సు వేసుకుని ప్యాంటు అందులోకి దోపండి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, దారి జారుడు. మే నుంచి సెప్టెంబరు హాయి. సరే, ఎక్కేశాం అనుకోండి.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం నెమ్మదిగా చెప్తా, రెండుసార్లు చెప్తా.

అడవి అయిపోయాక, దిగువకి వెళ్లేముందు, ఒక చిన్న పాక వస్తుంది. ఇదిగో. పాకలో ఇలా వెదురు బొంగు వేలాడుతూ ఉంటుంది. సరిగ్గా ఇక్కడే, కింద మబ్బు కాస్త విడిపోతే, ఏడిళ్లూ ఒక్కసారిగా కనిపిస్తాయి. మీరు గంటలకొద్దీ కారులో, రెండు గంటలు కాళ్ల మీద వచ్చింది దీనికోసమే. చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. నాదీ పోయింది. ఫోన్ తీశాను, కెమెరా తెరిచాను. నాతో వచ్చిన గైడు, ఊరి కుర్రాడే, నా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, మెల్లగా, "బెలుం" అన్నాడు. బెలుం అంటే ఇంకా కాలేదు అని. వద్దు అని కాదు. ఇంకా కాలేదు. అరవలేదు, కసురుకోలేదు. ఆ రెండు వేళ్ల బరువు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

కాబట్టి వరస ఇది. పాక రాకముందే ఫోన్ సంచిలో పెట్టేయండి, జేబులో కాదు, సంచిలో. గైడు వెదురు బొంగుని కర్రతో కొడతాడు. ఆ చప్పుడు కిందికి వెళ్తుంది, ఎవరో వస్తున్నారని ఊరికి తెలుస్తుంది. తర్వాత దిగండి. దిగాక ఇటూ అటూ చూస్తూ ఇళ్ల మధ్య తిరగకండి. ఇదిగో, ఈ పెద్దిల్లు, తిన్నగా ఇందులోకి. ఇది డోలు ఉండే ఇల్లు, పూర్వీకుల నుంచి వచ్చిన డోళ్లు, గాంగులు అనే లోహపు వాయిద్యాలు ఇందులోనే ఉంటాయి. చెప్పులు విప్పి, వంగి లోపలికి వెళ్లి చాప మీద కూర్చోండి. పెద్దాయన వాళ్ల భాషలో పూర్వీకులతో మాట్లాడతారు. వీళ్లు మన దగ్గరికి వచ్చారు, వీళ్లని చల్లగా చూడండి, ఇంటికి క్షేమంగా చేరనివ్వండి అని. దీన్ని వేలూ అంటారు. చివర్లో కొంచెం డబ్బు సమర్పిస్తాం, గైడు ముందే చెప్తాడు ఎంతో. అది అయ్యాకే ఫొటో, అది అయ్యాకే వీడియో.

మళ్లీ చెప్తున్నా. ఫోన్ సంచిలో. వెదురు చప్పుడు. తిన్నగా పెద్దిల్లు. వేలూ. అప్పుడు కెమెరా. మన ఇంటికి ఎవరైనా వచ్చి, గుమ్మంలో కాళ్లు కడుక్కోకుండా, పలకరించకుండా, దేవుడి గది ఫొటో తీసుకుంటే మా అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. వీళ్లు ఒక్క మాట కూడా అనరు. అందుకే మనమే తెలుసుకుని వెళ్లాలి.

ఇక ఇల్లు. ఈ ఇంటిని ఎంబారు నియాంగ్ అంటారు. బొమ్మ గీశాను, చూడండి, అయిదు అంతస్తులు. కింద మనుషులు, పెద్దింట్లో ఎనిమిది కుటుంబాల దాకా. పైన లోబో, తిండి గింజలు, సామాను. ఆపైన విత్తనాలు. ఆపైన కరువు వస్తే తినడానికి దాచుకున్నది. అన్నిటికన్నా పైన పూర్వీకులకి నైవేద్యం పెట్టే చోటు. ఒక్క మేకు లేదండీ, అంతా పేము తాళ్లతో కట్టిందే. మొదట చూపించిన పొగ గుర్తుందా? ఇంటి నడుమ పొయ్యి. ఆ పొగే పైకి పోయి గడ్డిని, కలపని ఆరబెట్టి పురుగు పట్టకుండా కాస్తుంది. మన ఊళ్లలో పెంకుటింటి దూలాలు నల్లగా నిగనిగలాడేవి కదా, అదే.

ఈ ఏడిళ్లలో ఒకప్పుడు నాలుగే మిగిలాయి. 2008లో యోరి అంతార్ అనే జకార్తా ఆర్కిటెక్ట్ ఇక్కడికి వచ్చాక మళ్లీ కట్టడం మొదలైంది. కట్టింది ఊరివాళ్లే, పెద్దలు చెప్తూ ఉంటే కుర్రాళ్లు చేతులతో నేర్చుకున్నారు. 2011కి ఏడూ నిలబడ్డాయి. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో అన్నిటికన్నా పెద్దది ఈ ఊరికి వచ్చింది. నాకు అవార్డు కన్నా ఆ కుర్రాళ్లకి పని వచ్చిందన్నదే పెద్ద సంగతి. రేపు గడ్డి మార్చాలంటే ఎవరి కోసమూ ఎదురు చూడక్కర్లేదు. కష్టం లేదని కాదు. పిల్లలు చదువుకి కింద కోంబో అనే ఊరికి వెళ్లాలి, అందుకే చాలా కుటుంబాలకి కింద కూడా ఒక ఇల్లుంటుంది. పగలు ఊళ్లో పిల్లలు అంత తక్కువగా ఎందుకు కనిపించారా అనుకున్నాను.

రాత్రి అతిథుల ఇంట్లో, గోడ వెంట గుండ్రంగా పరిచిన చాపల మీద పడుకోవాలి. మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలు, దుప్పటి ఇస్తారు, అయినా స్వెట్టర్ తీసుకెళ్లండి, చలి ఎముకల్లోకి పోతుంది. నేను వెళ్లినప్పుడు కరెంటు సాయంత్రం కొన్ని గంటలే, పవర్ బ్యాంక్ తప్పనిసరి. నేను ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే రెండు రోజులు వచ్చింది. భోజనం అన్నం, కూర, గుడ్డు, కోడి, సంబాల్ అనే మిరప పచ్చడి. శాకాహారులైతే ముందే చెప్పండి, "తాన్పా దాగింగ్, తాన్పా ఇకాన్", మాంసం లేకుండా, చేప లేకుండా. కారం మాత్రం మనకి సరిపోతుంది.

దిగేటప్పుడు మోకాళ్లు చూసుకోండి, అడ్డంగా అడుగులు వేయండి, అంతే.

ఈ చివరి క్లిప్ పొద్దున తీసింది. ఆరుబయట పట్టా మీద కాఫీ గింజలు ఆరబోస్తున్నారు. ఈ మామా చేటలో పుచ్చు గింజలు ఏరుతోంది, నేను పక్కన కూర్చుని రెండు గింజలు ఏరితే ఒకటి మంచిదే పారేస్తున్నానని మళ్లీ తీసి చేటలో వేస్తోంది. చేతిలో గ్లాసులో కాఫీ, పాలు లేకుండా. అప్పుడు వినండి, సౌండ్ పెంచుతున్నా... టక్, టక్, టక్. పైన కొండ మీద, పాకలో వెదురు. మామా చేట పక్కన పెట్టి, "తామూ" అంది. తామూ అంటే అతిథి. లేచి చీరకొంగులా పైన వేసుకున్న నల్ల సోంగ్కే, అంటే వాళ్ల నేత బట్ట, సర్దుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది, నీళ్లు పెట్టడానికి.