నెత్తురు తగ్గించి తూకం చూపించండి

వేదిక మీది పెద్దలకు, హన్మకొండ సినిమా మిత్రులకు నమస్కారం. టైం తక్కువుంది, నేరుగా విషయానికొస్త.

నరమాంసం మీద నవ్వించే షార్ట్ ఫిల్ములు తీస్తమని మన పిల్లలు స్క్రిప్టులు తెస్తున్నరు. సంతోషమే. కానీ పేజీలకు పేజీలు నెత్తురే. ఎవడు తింటున్నడు, ఆ కూరకు ఎవడు పైసలు కడుతున్నడు, అది కనపడదు. నా బాధంతా అదే.

1991ల ఫ్రాన్స్‌ల వచ్చిన 'డెలికాటెసెన్' చూడండి. కరువు కాలం. మాంసం దుకాణపాయనే ఇంటి ఓనరు. పనోడు కావాలని ప్రకటన ఇస్తడు, వచ్చినోడిని కోసి కిరాయిదార్లకు అమ్ముతడు. పైసలకు బదులు గింజలు తీసుకుంటడు. గింజలతోని కూలి కొలిచిన రోజులు మన పల్లె పెద్దలకు ఎరుకే కదా, వాళ్లకు ఈ సినిమా విడమర్చి చెప్పే పనిలేదు. బాకీ తీర్చలేని ఇంట్ల అత్తగారే తూకానికి పోతది. తెలిసి కూడా అందరు వండుకుంటరు. వ్యంగ్యం అక్కడుంది, కత్తిల లేదు.

మొదటి సీనుల ఒకాయన కాగితాలు చుట్టుకొని చెత్తడబ్బాల దాక్కుంటడు. మూత తెరుచుకుంటది, కత్తి లేస్తది, అంతే. కోసింది చూపించరు. చూపిస్తే జనం మొఖం తిప్పుకుంటరు, మొఖం తిప్పుకున్నోడు నవ్వడు.

1729ల వ్యంగ్య రచయిత జోనాథన్ స్విఫ్ట్ చేసింది కూడా ఇదే. ఐర్లండ్ పేదల పిల్లలను భూస్వాములకు కూరగ అమ్మాలని ధరలు, వంట తీర్లతో సహా లెక్కగట్టి రాసిండు. ఎక్కడా గొంతు పెంచలేదు. మీ పాత్రలు గూడ బేరం మామూలుగ ఆడాలె. నటుడు కండ్లు ఉరిమిండంటే కథ దయ్యాల సినిమా అయితది.

అసలు 'డెలికాటెసెన్'ల మంచం సీను చెప్పాలె. ఓనరు మంచం స్ప్రింగుల సప్పుడుకు ఇల్లంత తాళం పడుతది: సెల్లో వాయించే పిల్ల, సీలింగుకు రంగేసేటాయన, కార్పెట్ దులిపేటామె, సైకిల్‌కు గాలికొట్టేటాయన. ఇట్లాంటిది తీయాలంటే తాళం ముందే రికార్డు చేసుకోండి. షూటింగుల అదే వినిపిస్తూ ప్రతి షాటు తీయండి. వేగం పెరిగినకొద్దీ షాటు పొట్టిగ కోయండి. మూగగ తీసి తర్వాత సప్పుడు అతికిస్తే చెయ్యి ఒకటి, దెబ్బ ఒకటి అయితయి.

తమ్మీ, స్పీకర్ పెంచు, ఆఖరు వరుసకు వినపడుతలేదు. లైట్లు తీయండి, ఆ సీను ఇప్పుడే చూద్దాం.